దేవదానం సార్ శనివారాలు

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసులో పనిచేసే లక్ష్మి పాత ఫైళ్లకు కొత్త అట్టలు వేద్దామని మైదా జిగురు కాచింది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కూడా కలిపింది. ఆదిలాబాద్‌లో కోర్టుకు ఎదురుగా ఉన్న మా చిన్న గదంతా ఉడికిన పిండి వాసన కమ్ముకుంది. చదువుతున్న దావా కాగితం పక్కన పెట్టేశాను. కరీంనగర్‌లో నేను చదువుకున్న న్యాయ కళాశాల గ్రంథాలయంలో ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. అక్కడ చిరిగిన పుస్తకాలను బయటి బైండింగుకు పంపేవారు కాదు. లైబ్రేరియన్ దేవదానం సార్ తానే జిగురు కాచి, తానే అతికించి, ఎండలో ఆరబెట్టేవారు. ఆయన పేరు మీరు విని ఉండరు. ఏ తీర్పులోనూ ఆయన వాదన అచ్చు కాలేదు. వకీలు పట్టా ఉండి కూడా ఒకే ఒక్క రోజు కోర్టుకు వెళ్లి తిరిగి వచ్చేసిన మనిషి. అయినా నాకు వాదించడం నేర్పింది ఆయనే.

మాది ఇచ్చోడ నుంచి లోపలికి వెళ్లే దారిలో ఒక గోండు గూడెం. ఇంట్లో గోండి మాట్లాడుకుంటాం. తెలుగు నాకు ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. ఇంగ్లీషు పరీక్ష రాయడానికి సరిపడా వచ్చింది కానీ మాట్లాడటానికి రాలేదు. ఒకసారి మా బాపుకు, అంటే నాన్నకు, భూమి గురించి ఏదో నోటీసు వస్తే, చదివి చెప్పేవాళ్ల కోసం దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాడు. ఆ కాగితం చెమటకు మెత్తబడి మడతల దగ్గర చిరిగిపోవడం చూశాకే నేను లా చదువుతానన్నాను. రిజర్వేషన్‌లో సీటు వచ్చింది. కరీంనగర్ హాస్టల్లో చేరాను. మొదటి నెలలోనే నాకు అర్థమైంది, సీటు దొరకడం వేరు, ఆ సీట్లో కూర్చోవడం వేరని. పాఠం మొత్తం ఇంగ్లీషులో సాగిపోయేది. ముందు వరుసల వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వేదాన్ని, ఎందుకో తెలియకుండానే. తరగతి అయిపోగానే గ్రంథాలయంలోకి వెళ్లి ఒక లావు పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరని.

ఒకరోజు దేవదానం సార్ అడిగారు. అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, వేళ్లకు ఎండిన జిగురుతో ఉండేవారు. ఆయనకు నత్తి. చిన్న నత్తి కాదు, కొన్ని మాటల దగ్గర ఊపిరి నిలిచిపోయి, మెడ నరాలు పొంగి, కళ్లు మూతపడేవి. దాన్ని అక్షరాలు విరిచి రాసి చూపించడం నాకు ఇష్టం లేదు. ఆయన మాటలు మామూలుగానే రాస్తాను. చదివేటప్పుడు మీరే ఒక్కో మాటకు కొంచెం ఆగండి.

"గంట నుంచి అదే పేజి ఉన్నది బిడ్డా. అంత గట్టి పేజా?" అన్నారు.

"పేజి కాదు సార్, ఇంగ్లీషు గట్టిగున్నది," అన్నాను.

ఆయన నవ్వారు. లోపలికి వెళ్లి ఒక పాత తెలుగు న్యాయ నిఘంటువు తెచ్చి ముందు పెట్టారు. "ముందుగాల కత చూడు. ఎవరు ఎవరి మీద కేసేసిండ్రు, ఎందుకేసిండ్రు, ఆఖరికి ఏమైంది. గది దొరికినంక ఇంగ్లీషు దానంతట అదే దారికొస్తది." ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మధ్యలో ఒక మాట నేను అందించబోతే చెయ్యెత్తి వారించారు. కోపంగా కాదు, రోడ్డు దాటుతున్న మనిషి వచ్చే బండిని ఆగమన్నట్టు.

కళాశాలలో ఏం జరుగుతుందో నాకు ఆయన వల్లే తెలిసింది. మూట్ కోర్టు అని ఒకటి ఉంటుందని, అందులో విద్యార్థులే వకీళ్లై ఒక ఊహించిన కేసు వాదిస్తారని, గెలిచిన జట్టు వేరే ఊళ్ల పోటీలకు వెళ్తుందని, అక్కడ పరిచయమైన పెద్ద వకీళ్ల దగ్గర సెలవుల్లో పని నేర్చుకోవచ్చని, వ్యాసరచన పోటీలు, ఉచిత న్యాయ సహాయ శిబిరాలు, స్కాలర్‌షిప్పులు ఉంటాయని. ఇవన్నీ మా కళాశాలలోనే ఉన్నాయి. హాస్టల్లో ఉన్న మా దళిత, ఆదివాసీ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. నోటీసు ఆఖరి తేదీకి ఒకరోజు ముందు బోర్డెక్కేది, అంతే. అంతకు రెండు వారాల ముందే అది మూట్ కమిటీ వాళ్ల ఫోన్లలో తిరిగేది. ఆ ఫోన్లలో మా నంబర్లు ఉండేవి కావు.

ఈ సంగతి సార్‌కు చెప్పింది రజిత. బెల్లంపల్లి పిల్ల, బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ, నా గదిలోనే ఉండేది. దేనికీ తడుముకోదు. "సార్, మాకు తెలిసేవరకు అన్ని అయిపోతున్నయ్. మేమేం చెయ్యాలె?" అని నిలదీసినట్టే అడిగింది. సార్ మర్నాటి నుంచి ఆఫీసుకు వచ్చే ప్రతి ప్రకటననూ వచ్చినరోజే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గ్రంథాలయం తలుపుకు అతికించడం మొదలుపెట్టారు. ఏమిటి, ఎవరికి, ఎప్పటిలోగా, దరఖాస్తు ఎవరి దగ్గర. కింద ఒక వాక్యం, 'తెలియకపోతే లోపలికొచ్చి అడగండి.' ఆయన చేతిరాత బడిపంతుళ్ల రాతలా గుండ్రంగా ఉండేది.

అలా లోపలికి వచ్చి అడిగినవాళ్లతోనే శనివారాలు మొదలయ్యాయి. శనివారం మధ్యాహ్నం తరగతులు ఉండవు. చివరి బల్ల చుట్టూ పది పదకొండు మందిమి చేరేవాళ్లం. ఒకరు దరఖాస్తు రాస్తే ఇంకొకరు దిద్దేవారు. ఒకప్పుడు అక్కడే చదివి ఇప్పుడు కోర్టుల్లో ఉన్న దళిత వకీళ్లను సార్ ఒక్కొక్కరినీ పిలిపించేవారు. వాళ్లు తమ మొదటి కేసు ఎలా పోగొట్టుకున్నారో చెప్పి మమ్మల్ని నవ్వించేవారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రతి శనివారం ఒకరు ఒక తీర్పు చదివి మిగతావాళ్లకు చెప్పాలి. "మీ అవ్వకు చెప్పినట్టు చెప్పాలె," అనేవారు సార్. "అవ్వకు సమజ్ కాలేదంటే నీకు కూడ కాలేదన్నట్టే."

నా వంతు వచ్చినప్పుడు తెలుగులో మొదలుపెట్టాను. రెండు వాక్యాలకే తడబడ్డాను. సార్ ఆపారు. "మీ అవ్వతోని తెలుగు మాట్లాడ్తవా?"

"లేదు సార్. గోండి."

"మరి గోండిలనే చెప్పు."

కరీంనగర్ వచ్చాక ఎవరి ముందూ ఆ భాష మాట్లాడలేదు. హాస్టల్లో ఫోన్లో మా అమ్మతో మాట్లాడాల్సి వచ్చినా గోడవైపు తిరిగి గొంతు తగ్గించేదాన్ని. బల్ల చుట్టూ చూశాను. ఎవరూ నవ్వడం లేదు. మొదలుపెట్టాను. కౌలుదారును భూమి నుంచి వెళ్లగొట్టిన ఒక కేసు అది. మా గూడెంలోనే జరిగినట్టు చెప్పుకుంటూ పోయాను. ఎక్కడ గొంతు పెంచానో, ఎక్కడ చేతులు తిప్పానో నాకే తెలియలేదు. అయిపోయాక సార్ అన్నారు, "నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. కని నువ్వు యాడ ఆగలే. చూసినవా?" ఆయన నోట ఆ మాట వినడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆగకుండా మాట్లాడటం ఎంత పెద్ద సంగతో ఆ గదిలో ఆయనకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు?

ఆ ధైర్యంతోనే రెండో ఏడు రజిత, నేను మూట్ కోర్టుకు పేర్లిచ్చాం. కళాశాల నుంచి రెండు జట్లు వెళ్లవచ్చని నిబంధనల్లో ఉందని, ఎప్పుడూ ఒక్కటే పంపుతున్నారని సార్ వెతికి పట్టుకున్నారు. ఎంపిక రోజున మెట్ల మీద ఎవరో మాకు వినబడేలా, "ఇప్పుడు మూట్‌కు కూడ కోటా వచ్చిందా?" అన్నారు. రజిత వెనక్కి తిరిగి ఏదో అనేసింది. నేను అనలేకపోయాను. ఆ మాట నాతోపాటే లోపలికి వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఒక పెద్ద వకీలు జడ్జిగా కూర్చున్నారు. నేను బట్టీ పట్టిన మూడు నిమిషాలు బాగానే నడిచాయి. ఆయన మధ్యలో ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశారు. ప్రశ్న అర్థమైంది, జవాబూ తెలుసు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గడియారం చూసుకుని, సరే కూర్చోమన్నారు. వచ్చిన నాలుగు జట్లలో మాది ఆఖరి స్థానం.

మరునాడు పొద్దున బట్టలు సర్దుకున్నాను. రజిత తలుపుకు అడ్డం నిలబడింది. "ఒక్క ప్రశ్నకు గింత పరేషానా? పోతె మల్ల రావు నువ్వు, నాకెర్కే," అంది. ఆమెను తప్పించుకుని బస్టాండుకు వెళ్లాను. నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వెళ్లే బస్సు ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఎక్కబోతుంటే జనంలోంచి దేవదానం సార్ వస్తూ కనిపించారు. రజిత పరుగెత్తి చెప్పి ఉంటుంది. ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి చెమటతో తడిసిపోయి ఉన్నారు.

"నిన్ను ఆపనీకి రాలే. ఒక్క సంగతి చెప్పి పోత," అన్నారు.

బస్సు మెట్టు మీద ఒక కాలుంచి విన్నాను. ఆయనది మంథని దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. మెథడిస్టు సంఘపు కుటుంబం. తల్లిదండ్రులు ఇతరుల వరి పొలాల్లో కూలి చేసేవారు. ఊళ్లో మొదట లా చదివింది ఆయనే. పట్టా వచ్చాక ఒక పెద్ద వకీలు దగ్గర చేరారు. ఒకరోజు ఆ వకీలు జ్వరంతో పడుకుని, కోర్టులో నిలబడి వాయిదా అడిగి రమ్మని ఈయన్ని పంపారు. అడగాల్సింది ఒకే ఒక్క మాట.

ఆ మాట దగ్గరే, బస్టాండులో నా ముందు, సార్ గొంతు పట్టేసింది. పెదవులు కదులుతున్నాయి, కళ్లు మూతపడ్డాయి, మాట రావడం లేదు. కండక్టరు 'ఆదిలాబాద్, ఆదిలాబాద్' అని అరుస్తూ వచ్చి, "ఎక్కుతవా లేదా అమ్మా?" అన్నాడు. నేను సార్ ముఖం చూస్తూ ఉండిపోయాను. ఆ మాట మధ్యలో ఆయన్ని వదిలేసి బస్సెక్కితే, ముందురోజు నన్ను చూసి కిసుక్కుమన్నవాళ్లకూ నాకూ తేడా ఏముంటుంది? మెట్టు మీద నుంచి కాలు తీశాను. బస్సు కదిలిపోయింది. అది గేటు దాటే వేళకు సార్ నోట, "వాయిదా," అన్న మాట వచ్చింది.

"అందరు నవ్విండ్రు," అని కొనసాగించారు. "జడ్జి మంచోడే. నేను అడుగకముందే ఇచ్చేసిండు, నన్ను చూసి పాపమని. గదే నాకు బాధైంది. అడుగకముందే ఇచ్చినంక ఇంక నేనెందుకు అక్కడ? కోటు విడిచి మంథని బస్సెక్కిన. మల్ల ఎన్నడు తొడగలే. నన్ను ఎవరు పొమ్మనలే బిడ్డా. నేనే పోయిన. గది నీకు చెప్దామని వచ్చిన."

తర్వాత ఆయన ఖాళీ ప్లాట్‌ఫారం వైపు చూసి నొచ్చుకున్నారు. "అరె, నీ బస్సు పోగొట్టిన. ఇంకోటి మూడింటికున్నది."

"వద్దు సార్," అన్నాను. నా సంచీ సైకిల్ వెనక కట్టుకుని, తొక్కకుండా నాతోపాటు నడుస్తూ హాస్టల్ దాకా వచ్చారు.

ఆ తర్వాత కొన్ని నెలలకే ఫిర్యాదు వచ్చింది. గ్రంథాలయంలో కులం పేరుతో సమావేశాలు జరుగుతున్నాయని, అనుమతి లేని నోటీసులు అంటిస్తున్నారని. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. శనివారం మధ్యాహ్నం గ్రంథాలయానికి తాళం వేయమని ప్రిన్సిపాల్ ఆదేశించారు. సార్ తాళం వేశారు. మేం బయటి వరండాలో నేల మీద కూర్చున్నాం. ఆయన కూడా వచ్చి మా పక్కన కూర్చున్నారు. దాంతో యాజమాన్య సంఘం ముందు సంజాయిషీ ఇవ్వమని పిలుపు వచ్చింది. ఆయన ఉద్యోగమే పోయేలా ఉందని ఆఫీసులో అనుకునేవారు. రాతపూర్వకంగా ఇస్తానంటే, నోటితోనే చెప్పాలన్నారట. శనివారాలకు వచ్చే వాళ్లలో ఇద్దర్ని తెచ్చుకోవచ్చన్నారు. రజిత, నేను వెళ్లాం.

పొడుగు బల్లకు అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, వయసు మళ్లిన మనిషి, ఆయన పక్కన ప్రిన్సిపాల్. బల్ల చివర ఒక గుమాస్తా సార్ చెప్పేది రాసుకుంటున్నాడు. సార్ నిలబడి మొదలుపెట్టారు. మూడో మాట దగ్గరే గొంతు పట్టింది. అధ్యక్షుడు దయగానే అందించాడు, "ప్రత్యేకంగా మీటింగులు పెట్టిన్రు, అంతేగద?" ఆగిపోయిన మాటతో పెనుగులాడుతున్న సార్ తల కిందికీ పైకీ ఊగింది. అది ఒప్పుకోవడమనుకుని గుమాస్తా రాసేశాడు. మళ్లీ ఒకచోట ఆగితే, "వేరే పిల్లలను రానియ్యలేదు, గట్లనేనా?" అన్నాడు అధ్యక్షుడు. గుమాస్తా అదీ రాస్తున్నాడు. సార్ చెప్పని మాటలు ఆయన వాంగ్మూలంగా కాగితం మీద పేరుకుంటున్నాయి. ఆయనకు అది కనబడుతోంది, గొంతు మాత్రం సహకరించడం లేదు. మా బాపు నోటీసు జేబులో పెట్టుకుని తిరిగినప్పటి ముఖం అప్పుడు సార్‌కు వచ్చింది.

నేను ఎప్పుడు లేచానో తెలియదు.

"సార్, గా మాట మా సార్ అనలే. మీరన్నరు," అన్నాను. "ఆయన ఏమనలేదో అది రాసిండ్రు. కొట్టెయ్యున్రి. ఆయన చెప్పెదాక ఆగున్రి. మేం రోజు ఆగుతం. ఏం కాదు."

ప్రిన్సిపాల్ నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. అధ్యక్షుడు నన్నూ, సార్‌నూ మార్చి మార్చి చూశాడు. చివరికి గుమాస్తాతో, "కొట్టెయ్యి. మల్ల మొదటి నుంచి రాయి," అన్నాడు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ ఆయనకు మాట అందించలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మధ్య మధ్య ఏమీ వినబడలేదు. సార్ చెప్పింది మొత్తం ఇంతే. "ఈ కాలేజిల ఏమేం అవకాశాలున్నయో పిల్లలకు తెలిసెటట్టు రాసి పెట్టిన. అడిగినోళ్లకు చెప్పిన. తలుపు ఎన్నడు మూయలే. ఎవరొచ్చినా కూసుండబెట్టిన. మీరు మూయుమంటే ఒక్కసారి మూసిన. గదొక్కటే నేను చేసిన తప్పు."

ఉద్యోగం పోలేదు. శనివారాలు తిరిగి మొదలయ్యాయి. ఇక ముందు ప్రతి నోటీసు మీదా ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉండాలని ఒక షరతు పెట్టారు. శిక్ష అనుకుని పెట్టిన ఆ షరతు మాకు మేలే చేసింది. సార్ గుండ్రటి తెలుగు రాత కింద కళాశాల ముద్ర పడేసరికి, అవి హాస్టల్ బోర్డుల మీదా, ఆఫీసు గోడ మీదా కూడా దర్జాగా నిలిచాయి. ముందు వరుసల పిల్లలు కొందరు కూడా వచ్చి చదువుకునేవారు. ఇంగ్లీషు నోటీసులో ఆఖరి తేదీ ఎక్కడుందో వాళ్లకూ దొరికేది కాదట.

మూడో ఏడు మేము రెండో జట్టుగా ఎంపికయ్యాం. వరంగల్‌లో పోటీ. గెలిచామని రాయాలని ఉంది, కానీ రెండో రౌండులో ఓడిపోయాం. జడ్జి ప్రశ్న అడిగినప్పుడు నాకు మళ్లీ మాట ఆగింది. ఈసారి భయపడలేదు. ఆగాను, ఊపిరి తీసుకున్నాను, వచ్చీరాని ఇంగ్లీషులోనే జవాబు పూర్తిచేసి కూర్చున్నాను. తిరిగొచ్చాక సార్ గెలుపోటముల గురించి అడగలేదు. "పూర్తి చేసినవా?" అన్నారు. చేశానన్నాను. ఆయన సంతోషం పట్టలేక అద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగి నిలబడ్డారు.

రజిత ఇప్పుడు మంచిర్యాలలో కార్మికుల కేసులు చూస్తుంది. నేను ఆదిలాబాద్‌లో. సార్ పదవీ విరమణ చేసి సొంత ఊరికి వెళ్లిపోయారు. షుగరు ముదిరి, రెండేళ్ల కిందట ఒక వానాకాలం పొద్దున పోయారు. ఆయన్ని సమాధి చేసే రోజున రజిత, నేను కలిసి వెళ్లాం. ఊరి చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నన్ను పిలిచారు. "మా దేవదానం గురించి రెండు మాటలు చెప్పు తల్లీ. వకీలువట గద," అన్నారు. లేచి నిలబడ్డాను. అప్పటికి ఎన్నో కేసులు వాదించి ఉన్నాను. ఆయన పేరు అనబోయాను. రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. గొంతులోనే ఉండిపోయింది.

ఎవరూ దగ్గలేదు. ఎవరూ కదలలేదు. నన్ను కూర్చోమని ఎవరూ చెయ్యి పట్టలేదు. ముందు బల్ల మీద ఆయన అక్క, తెల్లచీర కట్టుకున్న ముసలావిడ, తల కొంచెం పక్కకు వంచి నా నోటివైపే చూస్తూ కూర్చుంది. చర్చినిండా ఉన్నవాళ్లంతా అలాగే ఉన్నారు. అరవై ఏళ్లు ఆ మనిషి మాట కోసం ఆగి ఆగి, ఆ ఊరికి ఆగడం అలవాటైపోయింది. ఎంతసేపైందో తెలియదు. చివరికి ఆయన పేరు వచ్చింది. పేరు వచ్చాక మిగతాది కూడా వచ్చింది.

పోయిన వారం మా గూడెం వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. కొడుకు చనిపోయాక ఇంట్లోంచి వెళ్లగొట్టారని గోండిలో చెబుతూ, ఒకచోట ఆగిపోయింది. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ మాట కోసం వెతుక్కుంది. బయట నలుగురు కూర్చుని ఉన్నారు, లక్ష్మి రెండుసార్లు తొంగి చూసి వెళ్లింది. ఆమె అనబోయే మాటేమిటో నాకు తెలుసనుకున్నాను. ఇలాంటి కేసులు ఎన్నో చూశాను కదా. ఇల్లు, అనాలనుకుంటోంది. అందించలేదు. పెన్ను కింద పెట్టి ఊరుకున్నాను. చాలాసేపటికి ఆమె నోరు తెరిచింది. ఇల్లు అనలేదు. మనుమరాలు, అంది. ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండిపోయిందట. నేను ఆమె మాటే రాసుకున్నాను.